షార్త్ర్ కథీడ్రల్: మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

పారిస్ వెళ్లినవాళ్లలో చాలామంది దగ్గర్లోని షార్త్ర్ ఊళ్లో ఉన్న కథీడ్రల్‌కి, అంటే అక్కడి బిషప్ పెద్ద చర్చికి, ఒక పూట కేటాయిస్తారు. పడమటి తలుపు ముందు ఫొటో దిగి, లోపలికెళ్లి, తల పైకెత్తి "అబ్బ, ఎంత ఎత్తో" అనుకుని, రంగుటద్దాల కింద ఓ చుట్టు తిరిగి ముప్పావుగంటలో బయటపడతారు. ఆ ముప్పావుగంటలో కళ్లు లోపలి చీకటికి సరిగ్గా అలవాటు పడనే పడవు. నన్నడిగితే ముందు గంటసేపు బయటే తిరగాలి. అంత గాజు లోపల ఎలా నిలబడిందో చెప్పేది బయటి రాయే. ఆ తర్వాత లోపలికెళ్లి, ఉన్న 176 కిటికీలనీ చూసెయ్యాలనే ఆశ వదిలేసి, ఒక్కదాన్ని కింది నుంచి పైదాకా చదవాలి.

వెళ్లడం తేలికే. పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి రైలు, గంట నుంచి గంటంపావు ప్రయాణం. సీటు రిజర్వేషన్ అక్కర్లేని ప్రాంతీయ రైళ్లివి. ఒక్క చిక్కుంది: లైను లే మాన్ దాకా పోతుంది కాబట్టి బోర్డు మీద చివరి స్టేషన్ పేరే పెద్దగా కనిపించవచ్చు, షార్త్ర్ మధ్యలో ఆగే ఊరుగా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆగే స్టేషన్ల జాబితా చూసి ఎక్కండి. దిగాక పది నిమిషాల నడక. దారి అడగాల్సిన పని లేదు, శిఖరాలు కనిపిస్తూనే ఉంటాయి. కథీడ్రల్‌లోకి ప్రవేశం ఉచితం. నేలమాళిగకీ టవర్‌కీ మాత్రం టికెట్టుంది. ఆదివారం ఉదయం పూజలుంటాయి, అప్పుడు లోపల అటూ ఇటూ తిరగనివ్వరు, తిరగడం మర్యాదా కాదు. మామూలు రోజున ఉదయం పదిలోపు అక్కడుండేలా చూసుకుంటే మంచిది. చలికాలంలో ఇది మరీ ముఖ్యం. డిసెంబరులో ఐదింటికే పొద్దు గూకుతుంది, వెలుగు పోయాక కిటికీలన్నీ నల్లటి పలకలే.

పడమటి ముఖం ముందు నిలబడగానే రెండు టవర్లూ జత కాదని తెలిసిపోతుంది. మీకు కుడివైపున్నది 12వ శతాబ్దపు దక్షిణ టవర్, దాదాపు 105 మీటర్లు, నగలేవీ లేకుండా నున్నగా పైకి పోయే రాతి శిఖరం. ఎడమవైపు ఉత్తర టవర్ మొదలుపెట్టింది కూడా 12వ శతాబ్దంలోనే. దాని కొన 1506లో పిడుగు పడి కాలిపోతే, జెహాన్ ద బోస్ అనే శిల్పి 1507 నుంచి 1513 దాకా కష్టపడి ఇప్పుడున్న అల్లికపని శిఖరాన్ని లేపాడు. అది సుమారు 113 మీటర్లు. రెండిటి మధ్యా మూడున్నర శతాబ్దాల తేడా. గోతిక్ శైలి, అంటే కొనదేరిన కమానుల మధ్యయుగపు కట్టడ పద్ధతి, ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడ్డానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. పాత శిఖరమే గొప్పదని వాదించేవాళ్లున్నారు, నేనూ ఆ వర్గమే.

కింద ఉన్న మూడు తలుపుల్ని రాజద్వారం అంటారు. 1145 ప్రాంతంలో చెక్కారు. 1194 జూన్ 10న మంటలు వెనకున్న పాత చర్చిని మింగేసినా ఈ ముఖం, టవర్లు, నేలమాళిగ మిగిలాయి. ఇప్పుడు మనం చూసే కథీడ్రల్ ఆ మంటల తర్వాత లేచిందే. ప్రధాన నిర్మాణం పాతికేళ్లకు కాస్త అటూ ఇటూగా పూర్తయింది, ప్రతిష్ఠ 1260లో జరిగింది. ఆ కాలానికి ఇది పరుగే. తరాలు మారకుండా, పథకాలు మారకుండా కట్టారు కాబట్టే లోపల అంతా ఒక్క చేతి పనిలా కనిపిస్తుంది.

రాజద్వారంలో స్తంభాల్ని అంటుకుని నిలబడ్డ రాజులూ రాణుల విగ్రహాల్ని అందరూ చూస్తారు. మొదట 24 ఉండేవి, 19 మిగిలాయి. మీరు మాత్రం కమానుల మీదున్న చిన్న బొమ్మల్ని చూడండి. ఎడమ తలుపు కమాను మీద రాశిచక్రం, ఏ నెలలో ఏ పని చెయ్యాలో చూపే రైతుల బొమ్మలు ఉంటాయి. రాశుల్ని లెక్కపెడితే పదే వస్తాయి. మిథునానికీ మీనానికీ అక్కడ చోటు చాలక కుడి తలుపు మీదికి తెచ్చి పెట్టారు. ఆ కుడి తలుపు కమాను సప్త విద్యలది, మధ్యయుగపు బడుల్లో చెప్పే ఏడు విద్యలూ మనిషి రూపాల్లో ఉంటాయి: వ్యాకరణం ఒక చేత్తో బెత్తం పట్టుకుని పిల్లలకి పాఠం చెబుతుంటుంది, ఒళ్లో వాద్యం పెట్టుకుని గంటలు మోగించే సంగీతం కింద పైథాగరస్ వంగి రాసుకుంటుంటాడు. షార్త్ర్ 12వ శతాబ్దంలో పెద్ద విద్యాకేంద్రం, అందుకే గుడి తలుపు మీద లెక్కలూ తర్కమూ ఎక్కాయి.

అక్కడి నుంచి కుడివైపు తిరిగి దక్షిణ గోడ వెంట నడవండి. టవర్ మూలన ఎండగడియారం పట్టుకున్న దేవదూత ఉంటాడు. విగ్రహం 12వ శతాబ్దపుది, గడియారపు పలక 1578లో చేర్చింది. ఇప్పుడు బయటున్నది నకలు, అసలుది నేలమాళిగలో భద్రపరిచారు. ఆ పక్కనే వాద్యం వాయించే గాడిద ఒకటుంది, దాన్ని మాత్రం వదలొద్దు.

ఇక అసలు విషయం. దక్షిణం వైపు కాస్త దూరం జరిగి పైకి చూస్తే గోడకి ఎడంగా బలిసిన రాతి దిమ్మెలు, వాటి నుంచి గోడ మీదికి వంగిన రాతి కమానులు కనిపిస్తాయి. వీటినే ఫ్లయింగ్ బట్రెస్‌లంటారు. లోపల 37 మీటర్ల ఎత్తున ఉన్న రాతి కప్పు నిటారుగా కిందికి మాత్రమే బరువు మోపదు, పక్కకీ తోస్తుంది. గోతిక్‌కి ముందటి రోమనెస్క్ శైలి చర్చిల్లో ఆ తోపుడుకి మందపాటి గోడలే ఆధారం. అలాంటి గోడకి పెద్ద కిటికీ పెడితే గోడ బలహీనపడుతుంది. గోతిక్ మేస్త్రీలు కప్పుకి అడ్డంగా రాతి రిబ్‌లు, అంటే పక్కటెముకల్లాంటి బద్దలు, వేసి, బరువంతా నాలుగు మూలలకే చేరేలా చేశారు. ఆ నాలుగు మూలల్ని బయటి నుంచి బట్రెస్ భుజం పెట్టి ఆపుతుంది. మధ్యలో గోడకి మోసే పని పెద్దగా మిగల్లేదు, ఆ చోటంతా గాజుకి ఇచ్చేశారు. షార్త్ర్ బట్రెస్‌లని దగ్గరగా చూడండి: రెండు కమానులు ఒకదాని కింద ఒకటి, మధ్యలో బండిచక్రం ఆకుల్లా పొట్టి స్తంభాలు. పైన సన్నగా ఉన్న మూడో కమాను తర్వాతి కాలంలో చేర్చింది. మొదటి తరం మేస్త్రీలు జాగ్రత్త కోసం రాయి ఎక్కువే వాడారు, అందుకే ఇవి తర్వాతి చర్చిల్లో కనిపించేవాటి కన్నా బరువుగా, కాస్త మొరటుగా ఉంటాయి. నాకు ఆ మొరటుతనమే నచ్చుతుంది, ఎక్కడ ఎంత బలం కావాలో అందులో తెలుస్తుంది.

తూర్పు వైపు, పాత బిషప్ భవనం పక్కనున్న తోటలోకి వెళ్తే కథీడ్రల్ వెనక భాగం మొత్తం కనిపిస్తుంది. కప్పు పచ్చగా ఉండేది రాగి రేకు వల్ల. 1836లో మంటలు పడి పాత చెక్క కప్పు కాలిపోయింది, దాని బదులు ఇనప చట్రం కట్టి రాగి కప్పారు. కింది రాతి కప్పు ఆ మంటలకి నిలిచింది. కప్పు రెండు పొరలని చాలామందికి తెలియదు. లోపల మనకి కనిపించేది వంపు తిరిగిన రాతి కప్పు (వాల్ట్), దాని మీద వానకి అడ్డంగా మరో కప్పు.

ఇప్పుడు లోపలికి. అడుగుపెట్టగానే ఏమీ కనిపించదు. నడవకండి. నేవ్‌లో, అంటే పొడుగాటి ప్రధాన హాల్లో, ఓ కుర్చీ చూసుకుని పది, పదిహేను నిమిషాలు కూర్చోండి. ఫోన్ తియ్యొద్దు, తెర వెలుగు తగిలితే కంటి అలవాటు మళ్లీ మొదటికొస్తుంది. ఆ సమయంలో గోడని కింది నుంచి పైకి మూడు అంతస్తులుగా చూడండి. కింద కమానుల వరస, మధ్యలో ట్రైఫోరియం అనే సన్నటి నడవ, పైన కిటికీలు. అంతకుముందు కట్టిన పెద్ద చర్చిల్లో మధ్యలో ఇంకో గ్యాలరీ ఉండేది, మొత్తం నాలుగు అంతస్తులు. షార్త్ర్‌లో దాన్ని తీసేసి ఆ ఎత్తుని పై కిటికీలకి ఇచ్చారు. ఇప్పుడు పై కిటికీ, కింది కమాను ఎత్తులో దాదాపు సమానం. పై కిటికీల్లో రెండు పొడుగు కిటికీలు, వాటి నెత్తిన ఒక చిన్న గుండ్రటి కిటికీ. స్తంభాల్లో ఇంకో ముచ్చటుంది: ఒక స్తంభం నడుము గుండ్రంగా ఉంటే దాని చుట్టూ ఉన్న సన్న కడ్డీలు పలకలుగా ఉంటాయి, పక్క స్తంభం నడుము పలకలైతే కడ్డీలు గుండ్రన. ఇలా ఒకటి విడిచి ఒకటి. ఒకసారి కంటపడిందంటే ఇక చూడకుండా ఉండలేరు.

గోడలు లేత మీగడ రంగులో కొత్తగా ఉన్నాయేమిటని అనిపిస్తుంది. 2009 నుంచి సాగిన శుభ్రత పనుల ఫలితమది. మసి కింద 13వ శతాబ్దపు రంగుపూత, దాని మీద తెల్లగా గీసిన దొంగ రాతి అతుకులు బయటపడ్డాయని, దాన్నే తిరిగి చూపిస్తున్నామని మరమ్మతు చేసినవాళ్ల మాట. పాత చీకటి పోయిందని, గోడలు వెలిగితే గాజు మెరుపు తగ్గిందని విమర్శకుల మాట. ఇద్దరిదీ నిజమే. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం గాజు కాస్త పలచబడినట్టు ఉంటుంది, మబ్బు రోజున మాత్రం ఆ తేడా పెద్దగా తెలియదు. అందుకే ఎండ కాసే రోజు కోసం ఆగొద్దు. గాజు చూడ్డానికి తెల్లటి మబ్బు కమ్మిన రోజే నయం, నాలుగు వైపులా వెలుగు సమంగా ఉంటుంది. ఎండ ఉంటే దక్షిణం కిటికీలు కళ్లు చెదిరేలా వెలిగి, పక్కనున్నవాటిని చదవనివ్వవు.

ఏ కిటికీతో మొదలుపెట్టాలి? దక్షిణ పక్కబాటలో, అంటే ప్రధాన హాలుకి దక్షిణం పక్కనున్న సన్నటి నడవలో, పడమటి నుంచి మూడోది, మంచి సమరయుడి కిటికీ. దొంగలు కొట్టి వదిలేసిన ప్రయాణికుణ్ణి ఒక పరాయివాడు ఆదుకున్న బైబిల్ కథ ఇది, బొమ్మలు కంటికి దగ్గర్లో ఉంటాయి. చదివే పద్ధతి: కింది నుంచి పైకి, ఎడమ నుంచి కుడికి. అట్టడుగున చెప్పులు కుట్టేవాళ్లు పనిలో ఉంటారు. ఈ కిటికీని వాళ్ల వృత్తిసంఘానికి ముడిపెట్టేది ఆ బొమ్మలే. పైకి పోతే యెరూషలేము నుంచి బయల్దేరిన ప్రయాణికుడు, మీదపడ్డ దొంగలు, పట్టించుకోకుండా పోయిన యాజకుడు, లేవీయుడు, చివరికి సమరయుడు, సత్రం. అంతలో కథ మారిపోయి ఆదాము హవ్వలొస్తారు. కిటికీ తప్పు చదివామేమో అనిపించే చోటిదే. మధ్యయుగపు బోధకులు ఈ ఉపమానంలో దెబ్బలు తిన్న ప్రయాణికుణ్ణి ఏదెను నుంచి వెళ్లగొట్టబడ్డ మనిషిగా, సమరయుణ్ణి క్రీస్తుగా చెప్పేవాళ్లు. పై సగం కింది సగానికి వ్యాఖ్యానం అన్నమాట. ఈ ఒక్క కిటికీకి ఇరవై నిమిషాలివ్వండి, మిగతావాటిని ఎలా చూడాలో అదే నేర్పుతుంది. ఉత్తర పక్కబాటలో మొదటిది నోవహు కిటికీ, దాని అడుగున వడ్రంగులు, పీపాలు, చక్రాలు చేసేవాళ్లు ఉంటారు. ఓడ కట్టిన మనిషి కథకి వడ్రంగులు తోడవడం బాగుంది కదా.

బైనాక్యులర్స్ తప్పకుండా తీసుకెళ్లండి. ఎనిమిది రెట్లు చూపే చిన్నది చాలు. అంతకన్నా శక్తివంతమైనది చేతి వణుకుకి నిలవదు. దాంతో చూస్తే గాజు తయారీ కూడా తెలుస్తుంది. రంగు గాజులోనే ఉంటుంది, పైన పూసింది కాదు. నీలానికి కోబాల్టు కలిపేవాళ్లు. రాగితో చేసే ఎరుపు మందంగా పోస్తే నల్లగా అయిపోతుంది కాబట్టి తెల్లగాజు మీద పల్చటి ఎరుపు పొర వేసేవాళ్లు. ముఖం, బట్టల మడతలు గీసిన నల్లటి గీతలు మాత్రం లోహపు పొడి, గాజుపొడి కలిపి గీసి కొలిమిలో కాల్చినవి. ముక్కల్ని పట్టి ఉంచేది సీసం పట్టీలు, మొత్తం బరువు మోసేది ఇనప చట్రం. ఆ చట్రం గీతలే కథ గడుల సరిహద్దులు కూడా. మధ్యలో అడ్డదిడ్డంగా కనిపించే సీసం గీతలు చాలావరకు తర్వాత విరిగి అతికిన చోట్లు.

నీలంలో రెండు రకాలు గమనించండి. పడమటి గోడలో, గుండ్రటి గులాబీ కిటికీ కింద మూడు పొడుగు కిటికీలున్నాయి, 1150 ప్రాంతపువి, 1194 మంటల్ని దాటినవి. లోపల నిలబడి చూస్తే ఎడమది క్రీస్తు శ్రమలు, మధ్యది ఆయన పుట్టుక, కుడిది దావీదు రాజు తండ్రి యెష్షయి వంశవృక్షం. పడుకున్న ముసలాయన ఒంటి నుంచి చెట్టు లేచి కొమ్మకో రాజుతో పైకి పోతుంది. ఆ లేత నీలం 13వ శతాబ్దపు ముదురు నీలం కాదు. పాత నీలి గాజులో సోడా ఎక్కువ. 13వ శతాబ్దపు గాజులో కట్టెల బూడిద నుంచి వచ్చిన పొటాష్ ఎక్కువ, అది తడికీ గాలికీ తొందరగా గుంటలు పడుతుంది. ఇదే లేత నీలం ఇంకోచోట దొరుకుతుంది. ప్రధాన హాలుకి అడ్డంగా పోయే ట్రాన్సెప్ట్ అనే హాల్లో దక్షిణ భాగం దాటి, బలిపీఠం చుట్టూ తిరిగే దారిలో 'సుందర గాజు కన్య'గా పేరుపడ్డ మరియమాత కిటికీ ఉంది. ఎర్రటి నేపథ్యం ముందు నీలి వస్త్రంతో కూర్చున్న తల్లీబిడ్డా 12వ శతాబ్దపువాళ్లు. చుట్టూ ఉన్న దేవదూతలు 13వ శతాబ్దంలో చేర్చినవాళ్లు. అతుకు ఎక్కడుందో రంగే చెబుతుంది.

ట్రాన్సెప్ట్ రెండు చివరలా గులాబీ కిటికీలు. ఉత్తరానిది ఫ్రెంచ్ రాణి బ్లాంష్ ఆఫ్ కాస్టీల్ తాలూకుదని చిహ్నాలే చెబుతాయి: ఫ్రాన్స్ లిల్లీ పువ్వులు, కాస్టీల్ కోటలు. దక్షిణపు గులాబీ కిటికీ కింద, క్రీస్తు కథ రాసిన నలుగురు సువార్తికులు ప్రవక్తల భుజాలెక్కి ఉంటారు: యిర్మీయా మీద లూకా, యెషయా మీద మత్తయి, యెహెజ్కేలు మీద యోహాను, దానియేలు మీద మార్కు. పాత నిబంధన భుజాల మీద కొత్తది. ప్రవక్తలు భారీగా, పైనున్నవాళ్లు పిల్లల్లా చిన్నగా ఉంటారు.

నేల మీది చిక్కుదారి కోసమే చాలామంది వస్తారు, వచ్చి కుర్చీల కింద దాన్ని వెతుక్కుని నిరాశపడతారు. 13వ శతాబ్దం తొలినాళ్లది, దాదాపు 13 మీటర్ల వ్యాసం, 11 వలయాలు, విప్పి చూస్తే 260 మీటర్ల పైచిలుకు దారి. తప్పుదోవలు లేవు, ఒకటే దారి, నడుస్తూ పోతే మధ్యకి చేరాల్సిందే. మామూలు రోజుల్లో దాని మీద కుర్చీలు వేసి ఉంచుతారు. ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాసకాలం (లెంట్) మొదలైనప్పటి నుంచి నవంబరు 1 దాకా శుక్రవారాల్లో తెరుస్తారు. నడవాలని ఉంటే శుక్రవారమే పెట్టుకోండి, ఆ రోజు వేరే కార్యక్రమం లేదని ముందుగా చూసుకోండి. పడమటి గోడని నేలకి మడిస్తే గులాబీ కిటికీ సరిగ్గా దీని మీద పడుతుందని గైడ్‌లు చెప్పే మాట అంత కచ్చితం కాదు, కొలిస్తే తేడా వస్తుంది.

బలిపీఠం చుట్టూ ఉన్న రాతి తెర పని 1514లో మొదలై 18వ శతాబ్దం దాకా సాగింది. 40 దృశ్యాలు, రెండొందల దాకా బొమ్మలు. దక్షిణం వైపు నుంచి మొదలుపెడితే కథ వరసగా వస్తుంది. ఎదురు దిక్కున నడిస్తే అంతా తారుమారు. నాకు ఇది కాస్త కిక్కిరిసినట్టు ఉంటుంది, అరగంటకి మించి ఇవ్వను.

ఫొటోల సంగతి. ఫ్లాష్ వేస్తే గాజు చచ్చిపోతుంది, దాని మీది దుమ్ము మాత్రం వెలుగుతుంది. ఫోన్‌లో గాజు వెలిగే చోట వేలితో నొక్కి పట్టి, వెలుతురు గీతని కిందికి లాగండి. గోడ నల్లబడ్డా పర్లేదు, రంగు నిలుస్తుంది. కెమెరా అయితే వెలుతురుని (ఎక్స్‌పోజర్) ఒకటి, రెండు స్టాపులు తగ్గించండి. గోడ, గాజు రెండూ ఒకే ఫొటోలో బాగా రావాలనుకుంటే రెండూ పాడవుతాయి.

ఒంటిగంటకి భోజనానికి బయటికెళ్లి, నాలుగు దాటాక మళ్లీ లోపలికి రండి. పడమటి కిటికీల మీద వెలుగు పడే సమయమది, పొద్దున నీరసంగా కనిపించిన యెష్షయి చెట్టు అప్పుడు నిండుగా ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ ఎరుపులు ముందు నల్లబడి నీలాలు ఆఖరిదాకా నిలుస్తాయి. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు కన్నా నీలం బాగా అందుతుంది, షార్త్ర్ నీలానికి ఉన్న పేరులో దీని వాటా కూడా ఉంది.

నేలమాళిగలోకి గైడ్‌తోనే పంపుతారు, వేళలు రోజుని బట్టి మారతాయి, వచ్చిన వెంటనే కనుక్కుంటే మిగతా పూట ప్లాన్ చేసుకోవచ్చు. టవర్‌కి సన్నటి మెలికల మెట్లు, వందల్లో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే భయమున్నవాళ్లు మానుకోవచ్చు. ఎక్కితే మాత్రం బట్రెస్‌లని పై నుంచి చూసే అవకాశం దొరుకుతుంది. రాతి నేల వేసవిలోనూ చల్లగా ఉంటుంది, పలచటి స్వెట్టరు సంచిలో పెట్టుకోండి. మగవాళ్లు టోపీ తీసెయ్యాలి. చక్రాల సూట్‌కేసుతో మాత్రం రాకండి, దాన్ని లాక్కుంటూ రెండు గంటలు తిరగలేరు.

వేసవి నెలల్లో చీకటి పడ్డాక కథీడ్రల్ ముఖం మీదా ఊళ్లోని మిగతా కట్టడాల మీదా రంగుల వెలుగుల ప్రదర్శన వేస్తారు, ఉచితమే. జూన్, జూలైల్లో చీకటి పడేసరికి పది దాటుతుంది. ఆ ప్రదర్శన చూస్తే పారిస్‌కి ఆఖరి రైలు తప్పిపోవచ్చు. చూడాలనుకుంటే రాత్రికి షార్త్ర్‌లోనే గది తీసుకోండి, మర్నాడు పొద్దున బస్సులు రాకముందే తూర్పు కిటికీల వెలుగు కూడా దక్కుతుంది.